ఆదికాండం 15: ముక్కల మధ్య నడిచిన పొయ్యి అంత్యదినాల గురించేనా?

సండేస్కూల్_అక్క | సోమవారం, రాత్రి 9:40

అందరికీ వందనాలు. ఈ ఆదివారం మా పిల్లలకి (10 నుంచి 12 ఏళ్ళ బ్యాచ్) ఆదికాండం 15వ అధ్యాయం చెప్పాలి. అబ్రాము మూడేళ్ళ పెయ్యనీ మేకనీ పొట్టేలునీ నడిమికి కోసి ఎదురెదురుగా పెట్టడం, గద్దలు వాలితే తోలడం, పొద్దుగూకాక పొగలు కక్కే పొయ్యీ మంటా ఆ ముక్కల మధ్య నుంచి వెళ్ళడం. అదీ పాఠం.

పోయిన నెల మా అత్తగారి ఊళ్ళో కూటాలకి వెళ్ళాం. ప్రసంగీకులు ఈ ఒక్క అధ్యాయం మీదే రెండు గంటలు మాట్లాడారు. గద్దలు క్రీస్తువిరోధి సైన్యాలట, కటికచీకటి లోకాంతానికి ముందొచ్చే మహాశ్రమల కాలమట, పొయ్యి తీర్పట. అధ్యాయం చివర్లో అబ్రాము సంతానానికి దేవుడు ఇస్తానన్న దేశం సరిహద్దులేమో, క్రీస్తు తిరిగొచ్చి భూమి మీద చేసే వెయ్యేండ్ల పరిపాలనలో ఇశ్రాయేలు దేశపు మ్యాపట. చార్టు వేసి మరీ చూపించారు. మామయ్యగారు దాన్ని ఫొటో తీసి, పెద్దగా ప్రింటు వేయించి, పిల్లలకి ఇదే చెప్పమ్మా అని నా చేతిలో పెట్టారు. మా పుట్టింటివాళ్ళు లూథరన్‌లు. నాన్నకి ఫోన్ చేస్తే "అందులో సిలువ ఉంది, చార్టు లేదు" అని పెట్టేశారు.

అసలు ఆ అధ్యాయంలో అంత్యదినాలు ఉన్నాయా, మనం తెచ్చి పెట్టామా?

గుంటూరు_మిర్చి | సోమవారం, రాత్రి 10:05

మనం తెచ్చి పెట్టాం. మీ నాన్నగారికి నా వందనాలు చెప్పండి.

ఆ చీకటికి అర్థం వెతకడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. 13వ వచనం నుంచి దేవుడే చెప్పాడు: నీ సంతానం పరాయి దేశంలో 400 ఏళ్ళు దాసులుగా ఉంటుంది, తర్వాత ఆస్తితో బయటికొస్తుంది. అది ఐగుప్తు, నిర్గమకాండంలో అయిపోయింది కూడా. ఇక ముక్కల సంగతి. యిర్మీయా 34 తీయండి. సిద్కియా రాజు రోజుల్లో యెరూషలేము పెద్దలు దాసుల్ని విడిచిపెడతామని ఒక దూడని రెండుగా కోసి ఆ ముక్కల మధ్య నడిచి ప్రమాణం చేశారు, తర్వాత మాట తప్పారు. మీ శవాలు పక్షులకి ఆహారమవుతాయి అన్నాడు దేవుడు. అంటే ముక్కల మధ్య నడవడమంటే "మాట తప్పితే నా గతి ఇదే" అని ఒప్పుకోవడం. ఆదికాండం 15లో అబ్రాము నడవలేదు, నిద్రపోతున్నాడు. నడిచింది దేవుడొక్కడే. ఆ శాపం ఎవరు మోశారో గలతీ 3:13లో ఉంది. సిలువ వేసిన రోజు మధ్యాహ్నం చీకటి కమ్మిన సంగతి మీకు తెలిసిందే. ఇంకేం చార్టు కావాలి?

డాలస్_రాజు | సోమవారం, రాత్రి 11:30

ప్రైజ్ ద లార్డ్. సిస్టర్, చార్టు కొట్టిపారేయకండి. 18వ వచనంలో యూఫ్రటీసు ఉంది. ప్రకటన 9లో యూఫ్రటీసు, 16లో యూఫ్రటీసు ఎండిపోవడం. ఇప్పుడు ఆ నది ఎండుతున్న వీడియోలు అందరూ చూస్తున్నాం. మూడు పశువుల్ని రెండేసి ముక్కలు చేస్తే 6. దేవునికి వెయ్యేళ్ళు ఒక దినం, కాబట్టి 6000 ఏళ్ళు. కోయని పక్షి ఏడో వెయ్యి, అంటే వెయ్యేండ్ల పరిపాలన. లెక్క కరెక్టుగా సరిపోతోంది. మనం సరిగ్గా చివర్లో ఉన్నాం.

గుంటూరు_మిర్చి | సోమవారం, రాత్రి 11:34

పక్షులు రెండు బ్రదర్. ఒక గువ్వ, ఒక పావురపు పిల్ల. ఎనిమిదో వెయ్యి ఎక్కడ పెడతారు?

చూస్తూ_పోతా | సోమవారం, రాత్రి 11:50

ఫాలో అవుతున్నా.

పాలకొల్లు_పెద్దాయన | మంగళవారం, ఉదయం 5:50

సండేస్కూల్ అమ్మాయికి వందనములు. లెక్కల జోలికి నేను పోను. ఆ దినము, ఆ గడియ తండ్రికే తెలియునని ప్రభువు చెప్పిన మీదట లెక్క వేయడం మనకెందుకు? అయితే గుంటూరు తమ్ముడు చెప్పినదానిలోనే నా జవాబు ఉంది.

నడిచినవాడు దేవుడొక్కడే అన్నాడు, ఆమేన్. అబ్రాము వైపు నుంచి షరతు లేదు. మరి షరతు లేని నిబంధన ఎలా రద్దవుతుంది? ఐగుప్తు నది మొదలు యూఫ్రటీసు వరకు నీ సంతానానికి ఇచ్చానన్నాడు. ఆ నేల అబ్రాహాము (అబ్రాముకి దేవుడు తర్వాత పెట్టిన పేరు) చేతికి రాలేదు. శారాను పాతిపెట్టడానికి కూడా హిత్తీయుల దగ్గర 400 తులాల వెండి ఇచ్చి పొలం కొనుక్కున్నాడు. అడుగైనా స్వాస్థ్యంగా ఇవ్వలేదని అపొ. కార్యములు 7:5లో స్తెఫను చెప్పాడు. దేవుడు అబద్ధమాడడు గదా. కాబట్టి అది నెరవేరే రోజొకటి ముందుంది. మా పెద్దలు చెప్పింది ఇంతే. చార్టు దానికి బొమ్మ మాత్రమే.

పొయ్యి సంగతికి వస్తే, మలాకీ 4:1 చదువమ్మా. రాబోయే దినం కొలిమిలా కాలుతుంది అని ఉంది.

తెలుగు_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:15

నేను క్రైస్తవుణ్ణి కాను, రిటైరైన తెలుగు పండితుణ్ణి. ఆసక్తితో చదువుతున్నాను. ఒక భాషా సందేహం. మన వాడుకలో నిబంధన అంటేనే షరతు. "నియమ నిబంధనలు వర్తిస్తాయి" అని బ్యాంకు కాగితాల మీద వేస్తారు చూడండి, అదే మాట. పెద్దాయనగారు "షరతు లేని నిబంధన" అంటుంటే నా చెవికి "ఉప్పు లేని ఉప్పు" అన్నట్టుంది. మూలంలో ఏ పదం ఉంది?

హిబ్రూ_పిచ్చి | మంగళవారం, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, భలే పట్టుకున్నారు. నేను సెమినరీలో హీబ్రూ చదువుతున్నాను, మా క్లాసులో ఎవరికీ తట్టలేదిది.

హీబ్రూలో మాట "బెరీత్". షరతుల పత్రం కంటే ఒడంబడిక, ప్రమాణబంధం అన్న భావం ఎక్కువ. "కారత్ బెరీత్" అంటారు, అక్షరాలా "ఒడంబడిక కోయడం". కోసిన పశువు ఆ క్రియలోనే మిగిలిపోయింది. ఇది అబ్రాహాము ఇంటి ఆచారం ఒక్కటే కాదు. సిరియాలో అలెప్పో దగ్గర సెఫీరేలో దొరికిన అరామిక్ శాసనాల్లో (క్రీ.పూ. 8వ శతాబ్దం) ఒక రాజుల ఒప్పందం ఉంది. ఈ దూడని కోసినట్టే మాట తప్పిన మతియేలుని (ఒప్పందంలో చిన్న రాజు) కోయుదురు గాక అన్న అర్థంలో శాపం రాశారు. ఆ ఒప్పందాల్లో శాపం తగిలేది చిన్న రాజుకి. ఇక్కడ పెద్దరాజే ముక్కల మధ్యకి దిగాడు. అధ్యాయంలో అసలు వింత నాకు అదే. (ఆదికాండంలో నడక శాపప్రమాణం కాదు, ఒట్టి ఖరారు ఆచారం అనే పండితులూ ఉన్నారు. నేను యిర్మీయా 34 వైపే మొగ్గుతాను.)

పెద్దాయనగారు మలాకీ అన్నారు కదా, దానికి బలం చేకూర్చే విషయం ఒకటి. మన తెలుగు బైబిల్లో ఆదికాండంలో "పొయ్యి", మలాకీలో "కొలిమి" అని వేర్వేరుగా పడటంతో మనకి సంబంధం కనిపించదు. హీబ్రూలో రెండు చోట్లా ఒకటే మాట, "తన్నూర్". మన తందూరి రొట్టెలో తందూర్ కూడా ఆ చుట్టమే, పర్షియన్ మీదుగా మనదాకా వచ్చింది. మట్టితో చేసిన, పైన నోరున్న రొట్టెల పొయ్యి. అలాగే "లపీద్ ఏష్" అంటే అగ్నిదివిటీ. అదే జోడీ మాట జెకర్యా 12:6లో, యెరూషలేము చుట్టూ జనాలు చేరే రోజు గురించి చెప్పేచోట ఉంది. కాబట్టి ప్రవక్తలు ఈ రాత్రిని మనసులో పెట్టుకుని ఉండొచ్చు. "ఉండొచ్చు" అనే అంటున్నాను. ఎందుకంటే సీనాయి కొండ దగ్గర కూడా పొగా, "లపీదీం" అనే మెరుపులూ ఉన్నాయి (నిర్గమ 19, 20). మొదటి నెరవేర్పు అక్కడే.

గుంటూరు_మిర్చి | మంగళవారం, మధ్యాహ్నం 1:41

సీనాయి అన్నావు, బతికించావు.

పెద్దాయనగారూ, గౌరవంతోనే అడుగుతున్నా. యెహోషువ 21:43-45 చదివారా? యెహోవా పితరులకి ప్రమాణం చేసిన దేశమంతా ఇచ్చాడు, ఒక్క మాటా తప్పిపోలేదు అని ఉంది. 1 రాజులు 4:21లో సొలొమోను యూఫ్రటీసు నుంచి ఐగుప్తు సరిహద్దు దాకా ఏలాడు. నెహెమ్యా 9:8లో నీ మాట నెరవేర్చావు అని ప్రార్థించారు. ఇన్నిసార్లు రసీదు ఇచ్చాక మళ్ళీ బాకీ ఉందంటే ఎలా?

ఇంకొకటి. పౌలు రోమా 4:13లో అబ్రాహాము లోకానికే వారసుడు అన్నాడు. హెబ్రీ 11 ప్రకారం ఆయన ఎదురుచూసింది పరలోక సంబంధమైన దేశం కోసం. ప్రపంచమే రాసిచ్చాక రెండు నదుల మధ్య సర్వే నంబర్ల కోసం గొడవేంటి? మా లూథరన్‌లు 1530లోనే ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ ప్రకరణంలో, పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యం చేపడతారనే బోధని కాదన్నారు.

పాలకొల్లు_పెద్దాయన | మంగళవారం, సాయంత్రం 6:30

సొలొమోను ఏలాడు, పన్ను కట్టించుకున్నాడు. స్వాస్థ్యంగా కాపురం ఉన్నారా? పన్ను వచ్చే ఊరు వేరు, పట్టా ఉన్న పొలం వేరు తమ్ముడూ. గోదావరి జిల్లా రైతుని, ఈ తేడా నాకు బాగా తెలుసు.

చూస్తూ_పోతా | మంగళవారం, సాయంత్రం 6:32

హహహ. పెద్దాయనకి ఒక పాయింటు.

డాలస్_రాజు | మంగళవారం, రాత్రి 10:15

యూఫ్రటీసు గురించి ఎవరూ మాట్లాడరేం? ప్రవచనం కళ్ళముందు నెరవేరుతుంటే వ్యాకరణం చెప్పుకుంటున్నారు. నిద్రపోతున్నది అబ్రాము కాదు, సంఘం.

హిబ్రూ_పిచ్చి | మంగళవారం, రాత్రి 10:50

బ్రదర్, యూఫ్రటీసులో నీళ్ళు తగ్గుతున్న మాట నిజం. కరువు ఒక కారణం. ఇంకో కారణం ఎగువన టర్కీ కట్టిన అటాతుర్క్ డ్యామ్ లాంటివి. ఎగువన ఆల్మట్టి కట్టాక కృష్ణకి నీళ్ళు ఆలస్యమైతే మనం ట్రిబ్యునల్‌కి వెళ్ళాం, ప్రకటన గ్రంథం తెరవలేదు కదా.

మీ 6000 లెక్క మాత్రం కొత్తదేం కాదు. బర్నబా పేరుతో ఒక పాత పత్రిక ఉంది, క్రీ.శ. 70లో ఆలయం కూలిన తర్వాత రాసింది. దాని 15వ అధ్యాయంలో ఆరు దినాల సృష్టి అంటే 6000 ఏళ్ళు అని ఉంది, పశువుల ముక్కలతో కాకపోయినా. విచిత్రమేంటంటే ఎనిమిదో దినం కొత్త లోకానికి మొదలు అని కూడా ఉంది. కాబట్టి మిర్చి అన్న అడిగిన రెండో పక్షికి మీకు తెలియకుండానే చోటు దొరికింది. కానీ ఆ పత్రిక రాసి దాదాపు పందొమ్మిది వందల ఏళ్ళయింది. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలు గ్రంథంతో ప్రభువు రాకకి లెక్క వేస్తే, ఆయన అనుచరులు 1844 అక్టోబర్ 22న పొద్దుపోయేదాకా ఆకాశం కేసి చూస్తూ కూర్చున్నారు. లెక్కలతో నాకున్న టెన్షన్ అదే.

నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 9:00

డాలస్_రాజు గారి తర్వాతి రెండు పోస్టులు తీసేశాను. అవతలివారి రక్షణ గురించి తీర్పు చెప్పడం ఈ వేదిక పద్ధతి కాదు. చర్చ బాగుంది, సాగనివ్వండి.

సండేస్కూల్_అక్క | బుధవారం, మధ్యాహ్నం 3:10

బాబోయ్, ఇంత వస్తుందనుకోలేదు. అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. ఒక సందేహం ఇంకా అలాగే ఉంది. అంత్యదినాలు ఈ అధ్యాయంలో చూడటం ఈ మధ్య చార్టులు గీసేవాళ్ళు మొదలుపెట్టిందా, లేక పాతకాలం నుంచీ ఉందా? నాన్న "ఇదంతా అమెరికా సరుకు" అంటారు.

హిబ్రూ_పిచ్చి | బుధవారం, రాత్రి 9:25

చార్టు రూపం కొత్తది, చూపు పాతది. అక్కా, ఇది కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

యూదుల దగ్గరే మొదలైంది. రోమన్‌లు క్రీ.శ. 70లో యెరూషలేముని కాల్చేశాక, ఆ గాయంతో రాసిన ఎజ్రా నాలుగో గ్రంథంలో ఎజ్రా దేవునితో అంటాడు: అబ్రాహాముకి మాత్రమే, రాత్రిపూట, రహస్యంగా కాలాల అంతాన్ని చూపించావు అని. ఆ రాత్రి ఈ రాత్రే. దాదాపు అదే కాలపు అబ్రాహాము ప్రకటన అనే గ్రంథం ఇప్పుడు స్లావోనిక్ అనువాదంలోనే మిగిలింది. అందులో ఈ బలి మొత్తం ఒక ఆకాశయాత్ర అయిపోతుంది. ముక్కల మీద వాలిన అపవిత్ర పక్షి మామూలు గద్ద కాదు, అజాజేలు అనే దుష్టదూత! ఆలయం తగలబడటం చూసినవాళ్ళకి "పొగలేచే పొయ్యి" చదవగానే ఏం గుర్తొచ్చి ఉంటుందో ఊహించండి.

తర్వాత రబ్బీలు (యూదుల బోధకులు) ఆదికాండం మీద కూర్చిన వ్యాఖ్యానం మిద్రాష్‌లో పెయ్య బబులోను, మేక మాదీయులు, పొట్టేలు గ్రీకులు, పక్షి రోము. అంటే దానియేలు గ్రంథంలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే నాలుగు రాజ్యాలు. ఆ మిద్రాష్‌లోనే నాకు బాగా ఇష్టమైన ముక్క ఒకటుంది. యోహానాన్ బెన్ జక్కయి, అకీవా అనే ఇద్దరు పెద్ద రబ్బీలకి అభిప్రాయభేదం. దేవుడు అబ్రాహాముకి ఈ లోకం మాత్రమే చూపించాడు, రాబోయే లోకం చూపించలేదు అని ఒకరు. రెండూ చూపించాడు అని ఇంకొకరు. మిర్చి అన్నా, పెద్దాయనగారూ, మీ ఇద్దరి వాదన అప్పుడే అయిపోయింది. తీర్పు రాలేదు.

క్రైస్తవుల్లో, దాదాపు క్రీ.శ. 180లో లియోన్ బిషప్పు ఇరేనియస్ రాసిందైతే అచ్చం పాలకొల్లు వాదనే: అబ్రాహాముకి అడుగు నేల రాలేదు, సమాధికి కూడా డబ్బిచ్చి కొన్నాడు, కాబట్టి నీతిమంతుల పునరుత్థానంలో అందుకుంటాడు. ఐతే ఆయన దృష్టిలో ఆ సంతానం సంఘమే. అక్కడ చార్టుతో తేడా వస్తుంది.

ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ వెయ్యేండ్ల పరిపాలనని భవిష్యత్తులో భూమి మీద రాజ్యంగా చూడటం మానేసినవాడు, అంటే మిర్చి అన్న పార్టీ. కానీ 413 నుంచి 426 వరకు రాసిన దేవుని నగరం 16వ పుస్తకంలో ఈ అధ్యాయానికి ఆయన అర్థం చూడండి. పొద్దుగూకడం లోకాంతం, అబ్రామును కమ్మిన భయం చివరి రోజుల్లో విశ్వాసులకి వచ్చే శ్రమ, పొయ్యి చివరి తీర్పు! చార్టు లేదు, తారీఖు లేదు, రెండు నదుల మ్యాపు లేదు. అంత్యదినాలు మాత్రం ఉన్నాయి.

ఇక అమెరికా సరుకు సంగతి. ఇశ్రాయేలుకి ఒక ప్లాను, సంఘానికి ఇంకో ప్లాను అని విడదీసి కాలాల పట్టిక వేసే పద్ధతిని 1830ల నుంచి పెంచింది జాన్ నెల్సన్ డార్బీ. ఆయన ఐర్లండ్‌లో పాదిరిగా పనిచేసి బ్రదరెన్‌లో చేరినవాడు (బ్రదరెన్ అంటే పాదిరీలు లేకుండా కూడుకునే ఒక ప్రొటెస్టంట్ శాఖ). అమెరికాలో 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు దాన్ని పేజీ అడుగున నోట్సుగా ఇంటింటికీ చేర్చింది. మన గోదావరి డెల్టాకి బ్రదరెన్ మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ వచ్చింది 1836లో. వాళ్ళని తీసుకొచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అదే ఏడాది డార్బీకి ఘాటుగా ఉత్తరం రాశాడు, సహవాసాన్ని ఇరుకు చేస్తున్నావని. గుంటూరుకి లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చింది 1842లో. మీ పుట్టిల్లూ అత్తిల్లూ ఫోన్లో కొట్టుకుంటున్నది ఆ రెండు పడవల సామానే అక్కా.

పాలకొల్లు_పెద్దాయన | గురువారం, ఉదయం 5:45

ఇరేనియస్ గారి పేరు నోట్ చేసుకున్నాను. ఆయన సంతానం అంటే సంఘం అన్నాడన్న సంగతీ నోట్ చేసుకున్నాను, నచ్చకపోయినా.

అమ్మా, మామగారి మీద కోపం పెట్టుకోకు. మా తరానికి ఈ చార్టులు ఎందుకు ప్రాణమో చెబుతాను. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు కూటాల్లో గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి గుడ్డ మీద గీసిన చార్టు కట్టేవారు. చదువురాని మా అమ్మ దాన్ని చూసి సృష్టి మొదలు కొత్త యెరూషలేము వరకు వేలితో చూపించేది. ఆమెకు బైబిలు అంటే ఆ గుడ్డే.

గుంటూరు_మిర్చి | గురువారం, ఉదయం 7:20

పెద్దాయనా, దీనికి నా దగ్గర జవాబు లేదు. మా నాయనమ్మకి లూథర్ చిన్న ప్రశ్నోత్తరి అంతే.

కానీ అక్కా, పదేళ్ళ పిల్లలకి క్రీస్తువిరోధి సైన్యాలు చెప్పకండి. రాత్రి నిద్రపోరు.

హిబ్రూ_పిచ్చి | గురువారం, ఉదయం 8:02

పిల్లలకి గద్దల వచనం చెప్పండి. అక్కడ తమాషా ఉంది. హీబ్రూ హల్లుల్ని ఒక రకంగా చదివితే "వాటిని తోలివేసెను". అవే హల్లులకి అచ్చులు మార్చి చదివితే "వాటితో కూర్చుండెను". పాత గ్రీకు అనువాదం సెప్టువజింట్ రెండోదే రాసింది. అగస్టీన్ లాటిన్ బైబిల్లో కూడా అబ్రాము కూర్చున్నాడనే ఉంది. దాన్నుంచి ఆయన, విశ్వాసులు చివరిదాకా నిలిచి ఉంటారు అనే అర్థం తీశాడు. తోలినా కూర్చున్నా, పొద్దుగూకేదాకా ఆ ముసలాయన అక్కడే ఉన్నాడు.

సండేస్కూల్_అక్క | ఆదివారం, రాత్రి 8:15

అయింది! అందరికీ థాంక్స్. చివరికి ఇలా చెప్పాను. అట్టముక్కలతో పశువుల్ని కోసి వరండాలో రెండు వరసలుగా పెట్టాం. ఒక బాబు అబ్రాము, నలుగురు గద్దలు. తువ్వాలుతో తోలమంటే పావుగంటకే "అక్కా చెయ్యి నొప్పి, దేవుడెప్పుడొస్తాడు" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను, అక్కడే ఆపి 11వ వచనం చదివించాను. తర్వాత లైట్లు తీసేసి టార్చి పట్టుకుని ముక్కల మధ్య నేనే నడిచాను. అబ్రాముని లేవకురా అన్నాను. దేవుడొక్కడే ఎందుకు నడిచాడు అని అడిగితే ఒక పాప "మాటిచ్చింది ఆయనే కదా" అంది. సిలువ గురించి చెప్పాను. దేవుడు ఇచ్చిన మాటలో కొంత ఇంకా రావాల్సి ఉందని కూడా చెప్పాను. ఎప్పుడు అంటే తెలీదన్నాను.

మామయ్యగారు వెనక కుర్చీలో కూర్చుని మొత్తం చూశారు. చార్టు వెనకవైపు తెల్లగా ఉందని పిల్లలు గద్దల బొమ్మలు దాని మీదే వేశారు, అది ఆయన చూశారు కూడా. ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక "టార్చి బావుంది" అన్నారు.

ఒక ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. పక్షుల్ని ఎందుకు కోయలేదు?

హిబ్రూ_పిచ్చి | ఆదివారం, రాత్రి 8:40

లేవీయకాండం 1:17 చూపించండి. దహనబలిలో పక్షిని రెక్కల సందున చీల్చాలి గానీ రెండు ముక్కలుగా విడదీయకూడదు. అగస్టీన్‌ని అడిగితే, ఆత్మసంబంధులు తమలో తాము చీలిపోరు కాబట్టి అంటాడు. (మన థ్రెడ్ చూస్తే ఏమనేవాడో.)

పాలకొల్లు_పెద్దాయన | సోమవారం, ఉదయం 5:55

సంతోషం అమ్మా. వచ్చే వారం 16వ అధ్యాయమా? హాగరు, శారయి. దానికి కూడా మావాళ్ళ దగ్గర చార్టు ఉంది, పంపమంటావా?

గుంటూరు_మిర్చి | సోమవారం, ఉదయం 7:10

పంపండి పెద్దాయనా. దానికి చార్టు గీసింది పౌలే. హాగరు, శారా రెండు నిబంధనలు, ఒకరు సీనాయి, ఇంకొకరు పైనున్న యెరూషలేము అని గలతీ 4లో ఉంది. అక్కడ నేనేం కాదనలేను.